గేర్ బాక్స్ ఆయిల్, ఫిల్టర్ మార్చాక ఆటోమేటిక్ బండి మొరాయిస్తోందా? గేర్ బాక్స్ దించే ముందు ఇవి చూడండి

మొన్న ఎండాకాలంలో మా ఏడు సీట్ల డీజిల్ ఆటోమేటిక్‌కి గేర్ బాక్స్ ఆయిల్, ఫిల్టర్ మార్పించాం. రెండు రోజులు తిరుపతి ఊళ్ళో బాగానే తిరిగింది. మూడో రోజు అమ్మానాన్నలతో కొండకి బయల్దేరాం. అలిపిరి తనిఖీ దాటి రెండో ఘాట్ రోడ్డులో నాలుగైదు మలుపులు ఎక్కామో లేదో యాక్సిలరేటర్ తొక్కితే ఇంజన్ అరుస్తోంది, ఆర్పీఎం మూడు వేలు దాటిపోతోంది, బండి మాత్రం ముందుకి లాగడం లేదు. మలుపు తిరిగేటప్పుడు ఒక్క క్షణం అసలు గేరే లేనట్టు అనిపించింది. అది ఎక్కే దారి, వెనక్కి తిప్పుకోవడానికి లేదు. పక్కన ఆపి, చల్లారనిచ్చి, మెల్లగా పైకి చేర్చేసరికి అమ్మ దేవుడి పేరు తలుచుకుంటూనే ఉంది.

కిందికి వచ్చాక చూపించిన మొదటి షాపులో "గేర్ బాక్స్ పోయింది సార్, దించి విప్పాలి, లక్ష దాటుద్ది" అన్నారు. చిత్తూరులో మా మామకి తెలిసిన ఒక పాత మెకానిక్ ఉన్నాడు. ఫోన్ చేస్తే ఆయన మూడే ప్రశ్నలు అడిగాడు. "ఎంత ఆయిల్ తీసినారు నాయనా? ఎంత పోసినారు? లెవెల్ చూసినప్పుడు ఆయిల్ ఎంత వేడిగా ఉండె?" మూడింట్లో ఒక్కదానికీ నా దగ్గర జవాబు లేదు. చివరికి తేలిందేంటంటే గేర్ బాక్స్‌కి ఏమీ కాలేదు, ఆయిల్ లీటరుకి పైగా తక్కువ ఉంది. అందుకే ఇదంతా వివరంగా రాస్తున్నా. మొన్నటిదాకా బాగున్న బండి ఆయిల్ మార్చాకే తేడా చేస్తోందంటే ముందు అనుమానించాల్సింది ఆ రోజు చెయ్యి పెట్టిన చోట్లనే: ఆయిల్ ఎంత పోశారు, ఏ ఆయిల్ పోశారు, ఫిల్టర్ ఎలా కూర్చుంది, ఏ వైరు కదిలింది. ఇవన్నీ చూశాకే గేర్ బాక్స్ దించే మాట.

నడపొచ్చా, ఆపేయాలా

గేర్ మారేటప్పుడు కాస్త కుదుపు వస్తోందంతే, మిగతాదంతా మామూలుగా ఉందంటే ఊళ్ళో మెల్లగా షాపు దాకా నడుపుకుపోవచ్చు. కానీ డీలో వేశాక రెండు మూడు సెకన్లకి గానీ గేర్ పడకపోయినా, తొక్కితే ఆర్పీఎం లేచి బండి లాగకపోయినా, కింద నుంచి ఈల లాంటి సన్నటి మోత వస్తున్నా, కాలిన వాసన వస్తున్నా, బండి కింద ఎర్రటి మరక కనిపించినా ఇక నడపకండి. ఆటోమేటిక్ గేర్ బాక్స్‌లో క్లచ్‌లని నొక్కి పట్టేదే ఆయిల్ ప్రెషర్. ఆ ప్రెషర్ తగ్గితే క్లచ్ ప్లేట్లు సరిగా పట్టక జారుతూ ఉంటాయి, జారిన ప్రతిసారీ కాలతాయి. వెయ్యి, రెండు వేలల్లో తేలిపోయే పని నిజంగానే లక్షకి చేరేది ఇక్కడే. పది కిలోమీటర్లే కదా అని రేణిగుంట నుంచి తిరుపతికి అలాగే లాక్కురావద్దు.

తాడు కట్టి లాగించడం కూడా వద్దు. ఇంజన్ ఆగి ఉంటే గేర్ బాక్స్ పంపు తిరగదు, చక్రాలు మాత్రం లోపలి భాగాలని ఆయిల్ లేకుండా తిప్పుతుంటాయి. బండిని మొత్తంగా పైకెక్కించుకుని తీసుకుపోయే ఫ్లాట్‌బెడ్‌నే పిలిపించండి.

ముందు మీ గేర్ బాక్స్ ఏదో తెలుసుకోండి

క్లచ్ పెడల్ లేని ప్రతి బండినీ మనం ఆటోమేటిక్ అనేస్తాం గానీ లోపల నాలుగు రకాలున్నాయి. టార్క్ కన్వర్టర్ (ఇంజన్ శక్తిని ఆయిల్ ద్వారా గేర్ బాక్స్‌కి అందించే భాగం) ఉండే అసలు ఆటోమేటిక్ ఒకటి, బెల్టు మీద నడిచే సీవీటీ ఒకటి, రెండు క్లచ్‌ల డీసీటీ ఒకటి. నాలుగోది ఏఎంటీ, మారుతీ వాళ్ళు ఏజీఎస్ అంటారు. అది మామూలు మాన్యువల్ గేర్ బాక్సే, క్లచ్ తొక్కి గేర్ మార్చే పనిని మోటార్లో హైడ్రాలిక్సో చేస్తాయి. ఏఎంటీలో ఏటీఎఫ్ (ఆటోమేటిక్ గేర్ బాక్సులకి పోసే ఆయిల్) పోయరు, మాన్యువల్ గేర్ ఆయిలే పోస్తారు. సీవీటీకి దాని ఫ్లూయిడే వాడాలి, మామూలు ఏటీఎఫ్ పోస్తే బెల్టుకీ పుల్లీకీ మధ్య పట్టు చెడిపోతుంది. కాబట్టి సర్వీసు బిల్లులో "గేర్ ఆయిల్" అని మాత్రమే రాసుంటే, ఏ గేర్ ఆయిల్ అని అడిగి రాయించుకోండి. ఇక్కడి నుంచి నేను చెప్పేది ప్రధానంగా టార్క్ కన్వర్టర్ బండ్ల గురించి.

ఆయిల్ లెవెల్: ఎక్కువ మంది దెబ్బతినేది ఇక్కడే

పాన్ (గేర్ బాక్స్ అడుగున ఆయిల్ నిలిచే తట్ట) విప్పి ఆయిల్ వదిలితే మొత్తం ఆయిల్ బయటికి రాదు. మూడో వంతు నుంచి సగం దాకా వస్తుంది, మిగిలింది టార్క్ కన్వర్టర్‌లో, కూలర్ పైపుల్లో ఉండిపోతుంది. బుక్‌లో మొత్తం ఏడెనిమిది లీటర్లని ఉందని అంతా పోసేస్తే ఎక్కువైపోతుంది. డబ్బాలో నాలుగు లీటర్లే ఉందని అంతటితో ఆపేస్తే తక్కువ కావచ్చు. అందుకే బయటికొచ్చిన పాత ఆయిల్‌ని కొలత గీతలున్న క్యాన్‌లో పట్టించి, చల్లారాక ఎంతుందో చూసి, ముందు అంతే కొత్తది పోయించాలి. పాన్‌తో పాటు ఫిల్టర్ కూడా తీశారు కాబట్టి దాంట్లోంచి కారిందీ, నేల మీద ఒలికిందీ లెక్కలో ఉండాలి. ఇది సుమారు లెక్కే, అసలు లెవెల్ ఆ తర్వాత చూడాలి.

లెవెల్ తగ్గితే పంపు ఆయిల్‌తో పాటు గాలిని కూడా పీలుస్తుంది. గాలి కలిసిన ఆయిల్ నురగ అవుతుంది, నురగకి ప్రెషర్ నిలవదు. చదును రోడ్డు మీద ఇది బయటపడకపోవచ్చు, ఎందుకంటే పాన్‌లో ఉన్న కాస్త ఆయిల్ ఫిల్టర్ మూతి దగ్గరే ఉంటుంది. ఘాట్ ఎక్కుతూ మలుపు తిరిగితే ఆ ఆయిల్ ఒక పక్కకి పోతుంది, ఫిల్టర్ గాలి పీల్చుకుంటుంది. మా బండి ఊళ్ళో బాగుండి కొండ మీద మొండికేసింది అందుకే. తిరుమల రోడ్డయినా, చిత్తూరు నుంచి బెంగళూరు పోయేటప్పుడు మొగిలి ఘాట్ అయినా, మదనపల్లె దారిలో భాకరాపేట ఘాట్ అయినా, ఎక్కేటప్పుడు మాత్రమే జారుతోందంటే ముందు లెవెల్‌నే అనుమానించండి.

ఎక్కువైనా ఇబ్బందే. తిరిగే భాగాలు ఆయిల్‌లో మునిగి చిలికేస్తాయి, మళ్ళీ అదే నురగ, వేడి పెరుగుతుంది, పైనున్న గాలి రంధ్రం నుంచి బయటికి కక్కుతుంది. అది వేడి సైలెన్సర్ మీద పడితే పొగ, వాసన. అంటే తక్కువైనా ఎక్కువైనా లక్షణాలు దాదాపు ఒకటే. లక్షణం చూసి ఊహించి అర లీటరు పోసేయడం, అర లీటరు తీసేయడం చేయకండి. కొలవండి.

డిప్‌స్టిక్ (ఆయిల్ కొలిచే గీతల పుల్ల) ఉన్న బండి అయితే చదునైన చోట నిలిపి, ఆయిల్ బాగా వేడెక్కాక, ఇంజన్ ఆన్‌లో ఉంచి, బ్రేక్ తొక్కి పట్టుకుని లివర్‌ని పీ నుంచి డీ దాకా ఒక్కో చోట మూడు సెకన్లు ఆపుతూ తిప్పి, మళ్ళీ పీలోకి తెచ్చి చూడాలి. చాలా బండ్లకి ఇదే పద్ధతి. హోండా లాంటి కొన్నింటికి ఇంజన్ ఆపి వెంటనే చూడాలి, కాబట్టి మీ మాన్యువల్ ఏం చెప్తే అది.

ఇప్పుడొచ్చే చాలా బండ్లలో డిప్‌స్టిక్ ఉండదు. కింద లెవెల్ ప్లగ్ ఒకటి ఉంటుంది. ఇంజన్ ఆన్‌లో ఉండగా, ఆయిల్ కంపెనీ చెప్పిన వేడికి రాగానే ఆ ప్లగ్ తీస్తే సన్నటి ధార వచ్చి, కాసేపటికి బొట్లు బొట్లుగా మారాలి. అప్పుడు లెవెల్ సరిగ్గా ఉన్నట్టు. ఏమీ రాకపోతే తక్కువ, పై నుంచి కొద్దికొద్దిగా పోస్తూ బొట్లు పడేదాకా చూడాలి. ఆ వేడి ఒక్కో బండికి ఒక్కోలా ఉంటుంది. కొన్నింటికి 35 నుంచి 45 డిగ్రీలు, కొన్నింటికి 50 నుంచి 60. మీ బండి మాన్యువల్లో ఉన్న అంకెనే పట్టుకోవాలి.

మన ఊళ్ళో వచ్చే చిక్కు ఇదే. మే నెల మధ్యాహ్నం, ఎండలో నడుపుకొచ్చిన బండిని అలాగే ర్యాంప్ ఎక్కిస్తే గేర్ బాక్స్ ఆయిల్ 80 డిగ్రీలైనా ఉంటుంది. వేడికి ఆయిల్ ఉబ్బుతుంది. అప్పుడు ప్లగ్ తీస్తే ధారగా పోతుంది, మెకానిక్ "ఫుల్లుగా ఉంది సార్, ఎక్కువైంది పోతోంది" అనుకుని బొట్లు పడేదాకా వదిలేస్తాడు. ఆయిల్ చల్లారి కుదించుకున్నాక చూస్తే లెవెల్ కిందికి దిగిపోయి ఉంటుంది. ఇంజన్ ఆపేసి ప్లగ్ తీసినా ఇంతే, పైన తిరుగుతూ ఉండాల్సిన ఆయిల్ పాన్‌లోకి దిగొచ్చేస్తుంది, అదంతా బయటికి పోతుంది. మా బండికి రెండూ జరిగాయి.

అందుకని ఈ పని తెల్లవారుజామున పెట్టించుకోండి. రాత్రంతా నిలిపిన బండికి ఆరు గంటలకి ఆయిల్ చల్లగా ఉంటుంది, ఇంజన్ ఆన్ చేసి ఏసీ ఆపేసి స్కానర్‌లో (బండి కంప్యూటర్‌ని చదివే పరికరం) ఆయిల్ వేడి ఎక్కుతుండగా చూసుకుంటూ ఉంటే చెప్పిన అంకె దగ్గర ప్లగ్ తీయొచ్చు. ఎండాకాలం మధ్యాహ్నం 42 డిగ్రీల ఎండలో, 45 లోపు లెవెల్ చూడాల్సిన గేర్ బాక్స్‌ని ఎలా చూస్తారు? మొదలే దాటిపోయి ఉంటుంది. బండి కంప్యూటర్‌ని ఫోన్‌కి కలిపే చిన్న ఓబీడీ పరికరాలు కొన్ని బండ్లకి ఈ వేడిని చూపిస్తాయి, కొన్నింటికి చూపించవు. చూపించకపోతే అది చూపించే స్కానర్ ఉన్న షాపుకే వెళ్ళాలి. చెయ్యి పెట్టి చూసి "గోరువెచ్చగా ఉంది" అనే లెక్క ఇక్కడ పనికిరాదు.

ఇంకొకటి. కొన్ని గేర్ బాక్సుల్లో డ్రెయిన్ ప్లగ్ తీశాక లోపల చిన్న ప్లాస్టిక్ గొట్టం ఉంటుంది. లెవెల్ నిర్ణయించేది ఆ గొట్టమే. ఆయిల్ మొత్తం పోవాలంటే దాన్ని కూడా విప్పాలి, తర్వాత మళ్ళీ బిగించాలి. బిగించడం మర్చిపోతే ఎన్ని లీటర్లు పోసినా ప్లగ్ మట్టానికి వచ్చి కారిపోతూనే ఉంటుంది, అందరూ లెవెల్ సరిపోయిందనుకుంటారు.

ఇంట్లోనే చేసుకునే వాళ్ళకి గట్టిగా ఒక మాట: జాకీ మీద నిలిపిన బండి కిందికి ఇంజన్ ఆన్‌లో ఉండగా దూరకండి. బండి నాలుగు వైపులా స్టాండ్ల మీద సమంగా ఉండాలి, సీట్లో ఒక మనిషి బ్రేక్ మీద ఉండాలి. ఆ ఏర్పాటు లేకపోతే లిఫ్ట్ ఉన్న చోటికే పోవాలి.

ఆయిల్ పేరు

ఎరుపు రంగు చూసి "అన్నీ ఒకటే" అనే మాట నమ్మకండి, రంగు కేవలం రంగే. టొయోటాకి డబ్ల్యూఎస్, హోండాకి డీడబ్ల్యూ-1, హ్యుందాయ్, కియా ఆరు గేర్ల బాక్సులకి ఎస్పీ-4, ఇలా ఒక్కోదానికి చిక్కదనం వేరు, క్లచ్ పట్టుకునే తీరుని నిర్ణయించే మందులు వేరు. పాత డెక్స్రాన్ 3 అనే ప్రమాణానికి తయారైన చిక్కటి ఆయిల్‌ని డబ్ల్యూఎస్ లాంటి పల్చటిది అడిగే గేర్ బాక్స్‌లో పోస్తే పొద్దున చల్లగా ఉన్నప్పుడు గేర్లు ఆలస్యంగా, కుదుపుతో పడతాయి.

తప్పు ఆయిల్‌కి బాగా తెలిసిన గుర్తు ఒకటుంది. 60, 80 స్పీడులో సన్నగా తొక్కి పెట్టి పోతుంటే, బండి స్పీడ్ బ్రేకర్ల తెల్లగీతల మీద పోతున్నట్టు సన్నగా వణుకుతుంది, కాలు తీసినా గట్టిగా తొక్కినా పోతుంది. టార్క్ కన్వర్టర్‌లో ఇంజన్‌నీ గేర్ బాక్స్‌నీ నేరుగా కలిపి పట్టే లాకప్ క్లచ్ సరిగా పట్టలేక జారి పట్టి, జారి పట్టి చేసే వణుకు అది. నాయుడుపేట హైవే మీద నిలకడగా పోయినప్పుడు ఇది బాగా తెలుస్తుంది. ఇలా ఉంటే సరైన ఆయిల్ తెప్పించి వదిలి పోయించండి, కొన్ని రోజులు నడిపి మళ్ళీ ఒకసారి వదిలి పోయించండి. ఒక్కసారికి సగమే మారుతుందని పైన చెప్పాను కదా, రెండు మూడు సార్లకి గానీ పాతది పల్చబడదు. సీవీటీలో తప్పు ఆయిల్ పడిందని తెలిస్తే మాత్రం నడుపుతూ చూద్దామనుకోవద్దు, వెంటనే తీయించండి.

అసలు గేర్ బాక్స్ ఆయిలే తీశారా అన్నది కూడా చూసుకోండి. కొన్ని బండ్లలో ఇంజన్ డ్రెయిన్ ప్లగ్, గేర్ బాక్స్ డ్రెయిన్ ప్లగ్ పక్కపక్కనే ఉంటాయి. ఒకటి వదిలి ఇంకొకదాంట్లో పోయడం నిజంగా జరుగుతుంది. ఇంజన్ డిప్‌స్టిక్ తీసి చూడండి, గీత దాటి బాగా పైకి ఉంటే, గేర్ బాక్స్ ఖాళీ అయ్యిందేమోనని ఇక ఇంజన్ స్టార్ట్ చేయకూడదు.

ఫిల్టర్, ఓ-రింగ్, ప్యాకింగ్

లెవెల్ సరిగ్గా ఉంది, ఆయిల్ సరైనదే, అయినా మోత వస్తోంది, వేడెక్కాక లాగడం లేదు అంటే పాన్ మళ్ళీ దించాల్సిందే. ఫిల్టర్ మెడకి ఓ-రింగో రబ్బర్ సీలో ఉంటుంది. పాత ఫిల్టర్ లాగినప్పుడు ఆ రింగ్ ఫిల్టర్‌తో రాకుండా పైన రంధ్రంలోనే అతుక్కుని ఉండిపోవచ్చు. అది చూడకుండా కొత్త రింగ్‌తో కొత్త ఫిల్టర్ నొక్కితే పూర్తిగా కూర్చోదు, పక్క నుంచి గాలి పీలుస్తుంది. పాత ఫిల్టర్ మీకు ఇచ్చి ఉంటే దాని మెడ చూడండి, రింగ్ లేకపోతే అది ఎక్కడుందో మీకు అర్థమైపోతుంది. అందుకే పాత సామాను ఎప్పుడూ అడిగి తీసుకోవాలి. కొన్ని ఫిల్టర్లు పాన్‌తో కలిసే వస్తాయి, కొన్ని గేర్ బాక్సుల్లో లోపలి ఫిల్టర్ని బాక్స్ దించితే గానీ మార్చలేరు. మీ బండిది రెండోదైతే, బిల్లులో ఫిల్టర్ మార్చినట్టు ఉందంటే ఏ ఫిల్టర్ అని అడగాల్సిందే.

ప్యాకింగ్ దగ్గర కారుతోందని బోల్టులు ఇంకా బిగించడం మనవాళ్ళకి అలవాటు. ఈ పాన్ బోల్టులకి చాలా తక్కువ బిగుతు చాలు, సుమారు 10 న్యూటన్ మీటర్ల దగ్గర. అంతకి మించితే రేకు పాన్ వంగి కారడం ఎక్కువవుతుంది, అల్యూమినియం మరలు ఊడతాయి. సిలికాన్ పేస్టు దట్టంగా పూస్తే లోపలికి ఉబ్బిన ముక్క ఊడి వాల్వ్ బాడీ (ఆయిల్‌ని ఏ క్లచ్‌కి పంపాలో చూసే భాగం) సన్న దారుల్లో ఇరుక్కుంటుంది. కంపెనీ పేస్టు వేయమన్న పాన్‌కి సన్నటి గీత, ప్యాకింగ్ ఉన్న పాన్‌కి పొడి ప్యాకింగ్.

ఒకే గేర్‌లో ఇరుక్కుపోతే

ఆయిల్ మార్చాక బండి బయల్దేరేటప్పుడు బరువుగా ఉండి, ఎంత స్పీడుకి పోయినా గేర్ మారకపోతే, బోర్డు మీద లైటు వెలిగితే అది లింప్ మోడ్. కంప్యూటర్ కావాలనే ఒక గేర్‌లో కట్టిపడేస్తుంది. పాన్ దించేటప్పుడు సొలినాయిడ్ల (కరెంటుతో ఆయిల్ దారులు తెరిచి మూసే వాల్వులు) కనెక్టర్, వేడి సెన్సార్ వైరు కదిలి ఉండొచ్చు, ప్లగ్ సగమే నొక్కి ఉండొచ్చు, దాంట్లోకి ఆయిల్ చేరి ఉండొచ్చు. స్కానర్ పెట్టించండి. పీ0700 అంటే "గేర్ బాక్స్‌లో ఏదో ఉంది" అని చెప్పడం మాత్రమే, దాని వెనక ఇంకో కోడ్ ఉంటుంది, అది చదవాలి. పీ0711 వేడి సెన్సార్ వైపు, పీ0750 ఒక షిఫ్ట్ సొలినాయిడ్ వైపు, పీ0741 లాకప్ వైపు, పీ0730 గేర్ జారడం వైపు చూపిస్తాయి. కోడ్ రాసుకోకుండా చెరిపేయనివ్వకండి, ఫోటో తీసుకోండి.

అన్నీ సరిగ్గా ఉండి గేర్లు కాస్త మొరటుగా మాత్రమే పడుతున్నాయంటే టెన్షన్ పడకండి. పాత ఆయిల్‌కి, అరిగిన క్లచ్‌లకి తగ్గట్టు కంప్యూటర్ ప్రెషర్లు నేర్చుకుని ఉంటుంది, కొత్త ఆయిల్‌తో ఆ లెక్క కుదరదు. స్కానర్‌తో అడాప్టేషన్ రీసెట్ చేయించి, అంటే ఆ పాత లెక్క చెరిపించి, కంపెనీ చెప్పిన పద్ధతిలో నడిపితే మళ్ళీ నేర్చుకుంటుంది. లెవెల్ సరిచేయకుండా ముందే రీసెట్ చేస్తే తప్పు ప్రెషర్లే నేర్చుకుంటుంది, కాబట్టి ఈ పని చివర్లోనే.

నిజంగా గేర్ బాక్స్‌దే తప్పయితే

పాన్ దించినప్పుడు దాంట్లోని అయస్కాంతాల మీద, పాన్ అడుగున పేరుకున్నదాన్ని వేళ్ళతో రుద్ది చూడాలి. మెత్తటి బూడిద రంగు పేస్టు మామూలే. గోరుకి తగిలే ఇనుప ముక్కలు, నల్లటి క్లచ్ పొట్టు, బంగారు రంగు రేకులు ఉంటే లోపల అరిగిపోతోంది. పాత ఆయిల్ నల్లగా, కాలిన వాసనతో వచ్చి ఉంటే అప్పటికే క్లచ్‌లు కాలి ఉన్నట్టు. "ఆయిల్ మార్చడం వల్లే పోయింది" అని జనం అనేది చాలా వరకు ఇలాంటి బండ్ల గురించే, అవి అప్పటికే జారుతున్నాయి కాబట్టే ఆయిల్ మార్చారు. లక్ష కిలోమీటర్లు దాటి ఒక్కసారీ మార్చని బండికి మెషీన్‌తో ప్రెషర్ పెట్టి ఫ్లష్ చేయించకండి, పాన్ దించి మార్చడమే మేలు. ఆయిల్ గులాబీ రంగు పాలలా ఉంటే రేడియేటర్‌లో కూలర్ పగిలి కూలెంట్ కలిసింది, ఇంజన్ స్టార్ట్ కూడా చేయకండి.

షాపుకి మళ్ళీ వెళ్ళినప్పుడు గొడవతో మొదలుపెట్టకండి. "అన్నా, ఎంత తీశారు, ఎంత పోశారు, ఏ వేడి మీద చూశారు, రేపు పొద్దున ఆరింటికి నా ముందు లెవెల్ ఒకసారి చూద్దాం" అనండి. మాకు చేసిన ఆయన ముందు కాస్త చిన్నబుచ్చుకున్నాడు గానీ, స్కానర్‌లో 40 దగ్గర ప్లగ్ తీస్తే ఒక్క బొట్టు రాకపోవడం ఆయనే చూశాడు. లీటరుంబావు పోశాక బొట్లు పడ్డాయి. డబ్బులు తీసుకోలేదు.

సరిచేయించాక నేరుగా కొండకి పోవద్దు. ముందు తిరుచానూరు వైపు చదును రోడ్డు మీద అరగంట నడిపి, ఎన్ నుంచి డీకి, ఎన్ నుంచి ఆర్‌కి వేస్తూ సెకను, సెకనున్నరలో పడుతోందా చూడండి. రాత్రికి బండి కింద అట్ట పరిచి పొద్దున మరకలు వెతకండి. వారం తర్వాత లెవెల్ ఇంకోసారి చూపించి, అప్పుడు ఘాట్ ఎక్కండి. దిగేటప్పుడు మొదటి ఘాట్ రోడ్డు మలుపుల్లో డీలో వదిలేసి బ్రేకు మీదే ఆధారపడకుండా కింది గేర్‌లో పెట్టుకోండి, గేర్ బాక్స్ బాగుందా లేదా అక్కడే బాగా తెలుస్తుంది, గేర్ పట్టి ఇంజన్ బండిని ఆపుతున్నట్టు అనిపించాలి. తారీఖు, కిలోమీటర్లు, ఆయిల్ పేరు, తీసింది ఎంత, పోసింది ఎంత, లెవెల్ చూసిన వేడి ఎంత, ఈ ఆరూ సర్వీస్ పుస్తకంలో మీ చేత్తో రాసి పెట్టుకోండి.